రేవు దాటే ముందు: పడవల గురించి పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వానకాలం మొదలుకాగానే గోదావరి, ప్రాణహిత తీరాల నుంచి మాకు ఉత్తరాలు ఎక్కువవుతాయి. ఈసారి వచ్చినవాటిలో సగానికి పైగా పడవ ప్రయాణం గురించే. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా ఇస్తున్నాం.

ప్రశ్న: కాళేశ్వరం నుంచి సిరొంచకు వెనకట పడవ మీదే పోయేటోళ్లమని మా నాయన చెప్తడు. ఇప్పుడు వంతెన వచ్చింది కద, ఇక మన దిక్కు పడవ రేవుల పని అయిపోయినట్టేనా?
(భూపాలపల్లి)

లేదు. పెద్ద రేవులు కొన్ని మూతపడ్డాయి, చిన్నవి ఇంకా నడుస్తున్నాయి. వంతెన పడిన చోట రేవుకు పని తగ్గుతుంది. వంతెనకు ఎగువన, దిగువన ఇరవై ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లకు మాత్రం పాత అవసరం అట్లాగే ఉంటుంది. ఎదురుగా కనిపించే ఊరికి పోవాలంటే రోడ్డు మీద పూట పడుతుంది, పడవలో అయితే పావుగంట.

మీ నాయన చెప్పింది నిజం. కాళేశ్వరం గోదావరికి కుడి ఒడ్డున ఉంది. సిరొంచ ప్రాణహితకు ఎడమ ఒడ్డున, రెండు నదులు కలిసే చోటికి కొంచెం ఎగువన ఉంది. ఇప్పుడది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా తాలూకా కేంద్రం, కానీ బజారులో వినిపించేది తెలుగే. చుట్టరికాలు, పశువుల బేరాలు, దేవుడి మొక్కులు అన్నీ నది దాటే సాగేవి. 2016 చివర్లో కాళేశ్వరం దగ్గర గోదావరి మీద వంతెన తెరిచాక ఆ రద్దీ రోడ్డెక్కింది. మంచిర్యాల వైపు నుంచి వచ్చేవాళ్లకు రాపనపల్లి దగ్గర ప్రాణహిత మీద మరో వంతెన ఉంది. కాళేశ్వరంలో ఇప్పుడు కనిపించే పడవలు ఎక్కువగా త్రివేణి సంగమం చూడవచ్చిన భక్తులను తిప్పేవి, చేపలు పట్టేవి.

ఏటూరునాగారం దగ్గర ముల్లకట్ట వంతెన కూడా 2016లోనే మొదలైంది. అవతలి వాజేడు, వెంకటాపురం మండలాల చరిత్ర తెలిస్తే ఆ వంతెన విలువ తెలుస్తుంది. ఆ ప్రాంతం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. తర్వాత ఖమ్మానికి, 2016లో భూపాలపల్లికి, 2019లో ములుగుకు మారింది. జిల్లా ఏదైనా నది మాత్రం మధ్యలోనే ఉంది. 1965లో భద్రాచలం వంతెన వచ్చాక బండి మీద గోదావరి దాటాలంటే అక్కడిదాకా చుట్టు తిరిగి రావాలి, లేకపోతే పడవ ఎక్కాలి. యాభై ఏళ్ల పాటు ఏటూరునాగారం, మంగపేట తీరాల జనం ఎక్కువగా పడవనే నమ్ముకున్నారు.

ప్రాణహిత మీద వేమనపల్లి దగ్గర నాటు పడవలు ఇప్పటికీ అవతలి మహారాష్ట్ర ఊళ్లకు మనుషులను దాటిస్తున్నాయి. ఇంకో సంగతి: వంతెన ఉన్న చోట పడవ అవసరం మళ్లీ రాదనుకోవడానికి లేదు. 2023 జూలై వరదలో ఏటూరునాగారం మండలంలోని దొడ్ల–కొండాయి మధ్య వంతెన జంపన్నవాగులో కొట్టుకుపోయింది. ఆ తర్వాత అక్కడి ఊళ్లకు పడవే దారి అయింది. అందుకే పాత రేవు మెట్లను, పడవ కట్టే రాళ్లను తీసేయొద్దని మా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: బ్రిటిష్ వాళ్లు గోదావరి మీద సిరొంచ దాకా పొగ ఓడలు నడపాలనుకున్నారని విన్నాను. నిజమేనా? ఎందుకు ఆగిపోయింది?
(హనుమకొండ, ఉపాధ్యాయుడు)

నిజం. సిరొంచ దాకానే కాదు, అంతకన్నా పైకి, వార్ధా లోయ దాకా నడపాలనుకున్నారు. ధవళేశ్వరం ఆనకట్టను 1852లో పూర్తిచేసిన ఆర్థర్ కాటన్‌కు ఈ ఆలోచన మీద చాలా పట్టు ఉండేది. బేరారు, నాగపూర్ ప్రాంతాల్లో పండే పత్తిని రోడ్డు మీద ఎడ్లబండ్లలో మోసే బదులు నదిలో సముద్రం దాకా దించాలన్నది లెక్క. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఇంగ్లండుకు రావడం ఆగిపోవడంతో ఈ పథకానికి ఊపు వచ్చింది.

దీనికి దారి చేసింది 1860 నాటి ఒప్పందం. దాని ప్రకారం గోదావరికి, ప్రాణహితకు ఎడమ ఒడ్డున ఉన్న తాలూకాలను నిజాం బ్రిటిష్ వాళ్లకు వదిలాడు. నది మీద పోయే సరుకుకు సుంకం ఉండకూడదన్న షరతు కూడా అందులో ఉంది. అప్పుడే సిరొంచ కేంద్రంగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది. ఈ రోజు సిరొంచ తెలంగాణలో కాకుండా మహారాష్ట్రలో ఉండటానికి మూలం ఆ ఒప్పందంలోనే ఉంది.

నదిలో మూడు చోట్ల రాతి అడ్డంకులు ఉన్నాయి. మొదటిది భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం దగ్గర. రెండోది ఇంద్రావతి కలిసిన చోటుకు దిగువన ఇచ్చంపల్లి దగ్గర. మూడోది ప్రాణహిత మీద, అహేరి వైపు దేవలమరి దగ్గర. ఈ మూడు చోట్లా నది అడుగున బండలు లేచి ఉంటాయి, నీళ్లు మెట్లు మెట్లుగా దూకుతాయి. వరదలో తప్ప పెద్ద పడవ పైకి పోవడం కుదరదు. పడవను దాటించాలంటే నదికి అడ్డంగా ఆనకట్ట కట్టి, పక్క నుంచి కాలువ తవ్వి, కాలువలో లాకులు పెట్టాలి. లాకు అంటే రెండు తలుపుల మధ్య గది. పడవను లోపలికి తెచ్చి దిగువ తలుపు మూసి నీళ్లు నింపితే పడవ పై మట్టానికి లేస్తుంది, అప్పుడు ఎగువ తలుపు తీస్తారు. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు కట్టారు. ఆ పాత ఆనకట్టను ఇప్పటికీ చూడవచ్చు. పైన ఉన్న పనులు అసంపూర్తిగా మిగిలాయి.

1871లో పనులు ఆపేశారు. మూడు కారణాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అంతర్యుద్ధం 1865లో ముగిసి అమెరికా పత్తి మళ్లీ వచ్చింది. 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూర్ చేరి పత్తిని పడమరకు లాక్కుపోయింది. అన్నిటికన్నా పెద్దది నది స్వభావం. గోదావరి ఎగువన వానకాలపు నది. వరదలో ప్రవాహం ఎక్కువై ఓడ ఎదురీదలేదు, ఎండకాలంలో ఇసుక మేటలు పైకి తేలి ఓడ కదలదు. మధ్యలో దొరికే కొద్ది నెలల కోసం అంత ఖర్చు గిట్టలేదు. 1929లో కాజీపేట–బల్లార్షా రైలు మార్గం పూర్తయ్యాక ఆ ఆలోచనకు మళ్లీ చోటు లేకపోయింది.

కాటన్ మీద మాకు గౌరవం ఉంది. డెల్టా కాలువల్లో సాధ్యమైన పడవ రవాణా ఎగువన సాధ్యం కాలేదంటే తేడా నది వాలులో, రాతి అడుగులో ఉంది. నాటు పడవ ఆ అడ్డంకులను దాటాలని చూడలేదు. ఇటు ఒడ్డు నుంచి అటు ఒడ్డుకు దాటడమే దాని పని, అందుకే అది నిలిచింది.

ప్రశ్న: పడవాయన ఎదురుగా పోకుండా ముందు ఒడ్డు వెంబడి పైకి తీసుకుపోతాడు. తర్వాత ఏటవాలుగా దాటిస్తాడు. నేరుగా పోతే దగ్గర కదా?
(మంచిర్యాల, ఇంటర్ విద్యార్థిని)

చాలా మంచి ప్రశ్న. లెక్క వేసి చూద్దాం.

నది వెడల్పు 400 మీటర్లు అనుకోండి. తెడ్డు వేసే పడవ నిలకడ నీటిలో సెకనుకు 1.2 మీటర్లు పోతుంది. ప్రవాహం సెకనుకు 0.6 మీటర్లు. పడవ ముక్కును సరిగ్గా అవతలి ఒడ్డుకు పెడితే దాటడానికి 333 సెకన్లు, అంటే ఐదున్నర నిమిషాలు పడుతుంది. ఈలోగా నీళ్లు పడవను 200 మీటర్లు కిందికి తోస్తాయి. రేవు ఎదురుగా ఉంటే మీరు దిగేది రేవులో కాదు, 200 మీటర్ల అవతల బురదలోనో తుమ్మ పొదల్లోనో.

దీనికి రెండు ఉపాయాలు. ఒకటి, ముందుగా 200 మీటర్లు పైకి పోయి అక్కడి నుంచి వదలడం. ఒడ్డు పక్కన లోతు తక్కువ కాబట్టి ప్రవాహం మందంగా ఉంటుంది. అక్కడ గడ వేసి ఎదురెక్కడం తేలిక. రెండోది, ముక్కును ఎగువకు తిప్పి పట్టడం. పై లెక్కలో 30 డిగ్రీలు ఎగువకు పెడితే పడవ సరిగ్గా ఎదురు రేవుకు చేరుతుంది, సమయం 385 సెకన్లు, అంటే ఆరున్నర నిమిషాలు. అనుభవం ఉన్నవాళ్లు రెండూ కలిపి చేస్తారు.

ఇప్పుడు ప్రవాహాన్ని 1 మీటరుకు పెంచండి. ముక్కు 56 డిగ్రీలు ఎగువకు పెట్టాలి, దాటడానికి పది నిమిషాలు. 1.2 మీటర్లు అయితే ఎంత తిప్పినా ఎదురు రేవు అందదు. పడవ వేగం, నది వేగం సమానమైన చోట మనిషి బలం సరిపోదు. నీళ్లు కొంచెమే పెరిగాయి కదా అని జనం గొడవ పెట్టినా పడవాయన రేవు ఆపేయడానికి కారణం ఇదే. పైగా ప్రవాహ వేగం రెట్టింపు అయితే పడవ పక్కను తోసే బలం నాలుగింతలవుతుంది. అడ్డం తిరిగిన పడవను నీళ్లు బోల్తా కొట్టించేది అప్పుడే.

ప్రవాహాన్ని మీరే కొలవవచ్చు. ఒడ్డు మీద 30 మీటర్లు కొలిచి రెండు గుర్తులు పెట్టండి. వీలైనంత నడి నీటిలోకి ఎండు కట్టెను విసరండి. మొదటి గుర్తు నుంచి రెండో గుర్తుకు 50 సెకన్లు పడితే వేగం 0.6 మీటర్లు, 30 సెకన్లు పడితే 1 మీటరు. ఒడ్డు పక్కన కొలిస్తే తక్కువ చూపిస్తుంది, నమ్మొద్దు.

సంగమాల దగ్గర ఈ లెక్క ఒక్కటే చాలదు. కాళేశ్వరంలో రెండు నదులు వేర్వేరు వేగాలతో కలిసి పక్కపక్కనే సాగుతాయి. ఆ గీత దాటేటప్పుడు పడవ ముక్కు ఒక ప్రవాహంలో, వెనక భాగం ఇంకో ప్రవాహంలో ఉండి పడవ గిర్రున తిరుగుతుంది. సుడులు కూడా అక్కడే లేస్తాయి. ఆ గీత దగ్గర ఎవరూ లేచి నిలబడకూడదు.

ప్రశ్న: మా రేవులో పడవ మీద బండ్లు, యూరియా బస్తాలు, మనుషులు అందరినీ ఒకేసారి ఎక్కిస్తున్నారు. ఎంతమంది దాకా పరవాలేదు? అడిగితే "ఏం కాదు" అంటున్నారు.
(వేమనపల్లి మండలం)

చిన్న పడవలకు చాలా దేశాల్లో వాడే ఒక మోటు లెక్క ఉంది. పడవ పొడవును అడుగుల్లో, వెడల్పును అడుగుల్లో గుణించి 15తో భాగించండి. 18 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఉంటే 90, దాన్ని 15తో భాగిస్తే 6. పడవ నడిపే మనిషితో కలిపి ఆరుగురు. ఇది 20 అడుగుల లోపు పడవకు, నిలకడ నీటికి మాత్రమే. గాలి, ప్రవాహం ఉంటే ఇంకా తగ్గించాలి.

సరుకును మనుషుల లెక్కలోకి మార్చండి. మామూలు మోటర్ సైకిల్ 110 కిలోల పైన ఉంటుంది, అంటే ఇద్దరు మనుషులు. యూరియా బస్తా 45 కిలోలు, మూడు బస్తాలు ఇద్దరితో సమానం. ఆరుగురి పడవలో ఒక బండి, మూడు బస్తాలు ఎక్కితే పడవాయన కాక ఇంకొక్కరికే చోటు.

జనం మరిచిపోయే బరువు ఇంకొకటి ఉంది, అడుగున చేరిన నీళ్లు. నాలుగు చదరపు మీటర్ల అడుగులో ఒక సెంటీమీటరు నీళ్లు నిలిస్తే 40 కిలోలు. పది సెంటీమీటర్లు నిలిస్తే 400 కిలోలు. ఆ బరువు ఒకచోట ఉండదు. పడవ ఏ పక్కకు ఒరిగితే నీళ్లన్నీ ఆ పక్కకే పరుగెత్తి ఇంకా ఒరిగిస్తాయి. అందుకే దాటే ముందు నీళ్లు తోడేయాలి, దాటుతున్నప్పుడు తోడే డబ్బా చేతికి అందేచోట ఉండాలి.

లెక్క వేసే తీరిక లేకపోతే పడవ అంచును చూడండి. అందరూ ఎక్కి కూర్చున్నాక నీటి మట్టం నుంచి అంచు దాకా కనీసం జానెడు మిగలాలి. అంతకన్నా తక్కువ ఉంటే దిగిపోండి. మేమడిగేది ఒక్కటే: ప్రతి పడవకు బయటి పక్కన తెల్ల రంగుతో అడ్డగీత వేయండి. గీత మునిగితే పడవ కదలకూడదు. ఖర్చు ఒక చిన్న రంగు డబ్బా, వాదన అవసరం లేదు.

బండి ఎక్కించక తప్పకపోతే పడవ మధ్యలో, పొడవు వెంబడి నిలబెట్టండి. ఇంజన్ ఆపి పెట్రోల్ కాక్ మూయండి. రెండు పక్కల తాడు కట్టండి. బండి మీద ఎవరూ కూర్చోకూడదు, ఎత్తులో ఉన్న బరువే పడవను బోల్తా కొట్టిస్తుంది. రోజూ బండ్లు దాటే రేవు అయితే ఒంటి పడవ వద్దు. రెండు పడవలను దుంగలతో జత కట్టి పైన పలకలు పరిచిన బల్లకట్టు వాడండి. వెడల్పు పెరగడం వల్ల అది అంత తేలిగ్గా ఒరగదు.

అడిగినా వినకపోతే మండల పరిషత్ కార్యాలయంలో ఆ రేవు ఎవరి ఆధీనంలో ఉందో, వేలం పాట ఎవరికి పోయిందో తెలుసుకుని రాతపూర్వకంగా ఇవ్వండి. పాత 1917 చట్టం స్థానంలో వచ్చిన 2021 అంతర్గత జలనౌకల చట్టం ప్రకారం ఇంజన్ ఉన్న పడవకు తనిఖీ పత్రం, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. తెడ్డు పడవల నమోదు స్థానిక సంస్థల పని.

ప్రశ్న: ఎండకాలం ఒడ్డున పెట్టిన చెక్క పడవను మృగశిరకు నీళ్లల్ల వేస్తే జల్లెడ లెక్క కారుతోంది. కొత్త పలకలు వేయాలా?
(ఏటూరునాగారం, మత్స్యకారుడు)

తొందరపడి పలకలు మార్చొద్దు. మూడు నాలుగు నెలలు ఎండకు పలకలు కుంచించుకుపోయి అతుకులు తెరుచుకున్నాయి. ముందు పడవను ఒడ్డు పక్కన లోతు తక్కువ నీటిలో, రాళ్లు వేసి, మూడు నాలుగు రోజులు ముంచి ఉంచండి. చెక్క నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, సన్న అతుకులు వాటంతట అవే మూసుకుంటాయి. పైకి తీసి నీళ్లు తోడి మళ్లీ చూడండి. అప్పటికీ కారుతున్న చోట సుద్దతో గుర్తు పెట్టండి. మరమ్మతు కావలసింది అవే.

గుర్తు పెట్టినచోట పాత తారు, కుళ్లిన పీచు మొత్తం గీకేయండి. పైపైన తారు పూస్తే నెలకే ఊడుతుంది, చాలామంది చేసే పొరపాటు ఇదే. పత్తి తాడునో కొబ్బరి పీచునో నూనెలో తడిపి, మొద్దు ఉలి, సుత్తితో అతుకులోకి పొరలు పొరలుగా దిగ్గొట్టండి. మరీ గట్టిగా కొట్టొద్దు. చెక్క ఇంకా ఉబ్బితే పలక మేకుల నుంచి లేస్తుంది. పైన గుగ్గిలం పొడిని నూనెలో కరిగించి వేడిగా పోయండి. పాళ్లు కుదిరాయో లేదో చూడటానికి ఒక చుక్క చల్లటి నీళ్లలో వేయండి. గట్టిపడి వంచితే వంగాలి. పుటుక్కున విరిగితే నూనె కలపండి, మెత్తగా సాగితే గుగ్గిలం కలపండి. మంట చిన్నగా ఉండాలి. అంటుకుంటే నీళ్లు పోయొద్దు, ఇసుక చల్లండి.

కత్తి మొన గుచ్చితే సులువుగా దిగిపోయే పలక ఉంటే అది కుళ్లింది, దాన్ని మార్చాల్సిందే. మేకుల చుట్టూ నల్ల మరక, పక్కనే మెత్తదనం ఉంటే మేకు తుప్పు పట్టినట్టు. వచ్చే ఎండకాలం పడవను నీడలో బోర్లించి, పైన తడి గడ్డి కప్పండి.

ప్రశ్న: పాపికొండలు చూడటానికి కుటుంబంతో పోతున్నాం. ఏం చూసుకోవాలి?
(వరంగల్)

2019 సెప్టెంబరు 15న పాపికొండలకు పోతూ కచ్చులూరు దగ్గర మునిగిన పడవలో మన కడిపికొండ వాళ్లు కూడా ఉన్నారు, కాబట్టి ఈ ప్రశ్న వరంగల్ నుంచి రావడం సహజం. వెళ్లే ముందు రోజు భద్రాచలం నీటిమట్టం చూడండి. అక్కడ మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులు. మట్టం అంతకు లోపలే ఉన్నా, గంట గంటకూ పెరుగుతుంటే ప్రయాణం వాయిదా వేయండి. పడవలో పై అంతస్తులో అందరూ ఒకే పక్కకు చేరొద్దు. ఫొటోల కోసం జనం ఒక వైపుకు ఉరకడం ప్రమాదం.

లైఫ్ జాకెట్‌ను ఎక్కకముందే వేసుకోండి. పట్టీలన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమని పక్కవాళ్లకు చెప్పండి. చెవుల దాకా జరిగితే అది మీ కొలత కాదు. పిల్లల జాకెట్‌కు కాళ్ల మధ్య పట్టీ ఉండాలి, లేకపోతే నీళ్లలో జాకెట్ పైకి పోయి పిల్ల కిందికి జారుతుంది. లోపలి ఫోమ్‌ను పిండి చూడండి. నీళ్లు కారితే, పిండిన చోట గుంట అలాగే నిలిచిపోతే మార్చమని అడగండి.

ప్రశ్న: మేడిగడ్డ కట్టినంక కాళేశ్వరం దగ్గర నీళ్లు నిండుగా ఉండేవి. ఇప్పుడు ఎండకాలం పడవ ఇసుకలో కూరుకుపోతోంది.
(మహదేవపూర్)

2019లో బ్యారేజీ నింపినప్పుడు వెనక జలాలు కాళేశ్వరం దాకా నిలిచాయి. 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకు పియర్లు (గేట్ల మధ్య స్తంభాలు) కుంగాక గేట్లు ఎత్తి ఉంచారు, నిల్వ లేదు. నది పాత తీరుకు వచ్చింది. పడవ దారిని ప్రతి సీజన్‌లో కొత్తగా వెతకాల్సిందే. వరద తీశాక మేటలు చోటు మారుతాయి, నిరుటి లోతు ఈ ఏడు ఉండదు. గడకు అడుగు అడుగుకు రంగు గీతలు వేసి దాటే దారిలో లోతు చూడండి, రెండు పక్కలా వెదురు గుర్తులు పాతండి.

ప్రశ్న: నడి నీటిలో ఇంజన్ తిరుగుతోంది కానీ పడవ కదలడం లేదు. కారణం?
(మంగపేట)

ముందు ఇంజన్ ఆపండి. ఫ్యాన్‌కు (నీళ్లను నెట్టే రెక్కలకు) వల గానీ ప్లాస్టిక్ తాడు గానీ చుట్టుకుందేమో చూడండి. చుట్టుకుంటే కత్తితో కోయండి, ఇంజన్‌ను వెనక్కి తిప్పి విప్పాలని చూస్తే ఇంకా బిగుసుకుంటుంది. ఏమీ లేకుండా ఫ్యాన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంటే లోపలి పిన్ తెగింది. ఫ్యాన్ రాయికి తగిలినప్పుడు గేరు పాడుకాకుండా ముందుగా తెగడానికే ఆ మెత్తటి పిన్ పెడతారు. దాని స్థానంలో ఉక్కు మేకు వేయొద్దు, తర్వాతి దెబ్బకు గేరే పోతుంది. రెండు పిన్‌లు, కటింగ్ ప్లేయరు, స్పానరు పడవలోనే డబ్బాలో ఉంచండి. మార్చేదాకా లంగరు వేయండి. తాడు పొడవు లోతుకు కనీసం ఐదింతలు ఉండాలి, తక్కువైతే లంగరు ఇసుకను పట్టదు. ఇంజన్ ఉన్న పడవలోనూ రెండు తెడ్లు, ఒక గడ లేకుండా రేవు వదలొద్దు.